ట్రేడ్‌లో ఎవరు గెలిచారు? లెక్క తేలిస్తే అదే మీ ప్రాజెక్టు!

ఆదివారం పొద్దున. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పక్క సందులో చాయ్ బండి. ముందురోజే, అంటే 2025 నవంబరు 15న, ఐపీఎల్ ట్రేడ్ల ప్రకటన వచ్చింది. సంజూ శాంసన్ చెన్నైకి, రవీంద్ర జడేజా, సామ్ కరన్ రాజస్థాన్‌కి. ఇక కరెంట్ అఫైర్స్ పుస్తకాలు చంకలోనే ఉన్నాయి, చర్చ మాత్రం మొత్తం ట్రేడ్ మీదే.

‘‘జడ్డూని ఇచ్చేస్తరా ఎవరన్నా? చెన్నైకి పిచ్చి లేచింది!’’

‘‘అరె, జడేజాకు 36 ఏండ్లు, సంజూకు 31. లెక్క చూస్కో ముందు.’’

‘‘లెక్కలతోని కప్పులు రావు తమ్మీ!’’

అక్కడే ఇంకో ట్రేడ్ కూడా నడుస్తోంది. ఆ రోజు లైబ్రరీ బ్యాచ్‌కీ, నారాయణగూడ హాస్టల్ బ్యాచ్‌కీ మ్యాచ్. రెండింటి మధ్య దూరం మెట్రోలో ఒక్క స్టేషనే. పట్టుదల మాత్రం ఇండియా, పాకిస్థాన్ రేంజ్‌లో ఉంటుంది. ఓడినవాళ్లు అందరికీ టిఫిన్లు పెట్టించాలి. లైబ్రరీ బ్యాచ్ కీపర్ ఊరెళ్లాడు. అందుకని ఒక ఒప్పందం: ‘‘ఈ ఒక్క మ్యాచ్‌కి మీ కీపర్‌ని మాకియ్యండి, మా ఓపెనర్‌ని మీరు తీసుకోండి.’’ ఐదు నిమిషాల బేరం తర్వాత డీల్ ఓకే. ఆ మ్యాచ్ సంగతి చివర్లో చెబుతాను.

మీరు అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి చదువుతుండొచ్చు, నారాయణగూడలో ఉంటూ డిగ్రీ ఫైనలియర్‌లో ఉండొచ్చు, బీటెక్ అయిపోయి ఆఫ్ క్యాంపస్ ఇంటర్వ్యూలకు తిరుగుతుండొచ్చు. ఇలాంటి వాదనల్లో మీరూ కూర్చునే ఉంటారు. ఆ వాదనను గొంతుతో కాకుండా లెక్కతో తేల్చగలిగితే, మీ రెజ్యూమెలో రాసుకోదగ్గ పని ఒకటి మీ చేతిలో ఉన్నట్టే.

ఒకే ఊరు, రెండు జట్లు

ఇలాంటి చర్చలకు అసలు పుట్టిల్లు బేస్‌బాల్. అమెరికాలోని షికాగోకు రెండు జట్లు. ఊరికి ఉత్తరాన కబ్స్, దక్షిణాన వైట్‌సాక్స్. 1906లో వరల్డ్ సిరీస్‌లో ఈ రెండూ తలపడ్డాయి. ఆ ఏడాది కబ్స్ 116 మ్యాచ్‌లు గెలిచి ఊపు మీద ఉన్నా, కప్పు వైట్‌సాక్స్ ఎగరేసుకుపోయింది. వందేళ్లు దాటినా ఆ ఊళ్లో ఆ పేచీ తగ్గలేదు.

అలాంటి రెండు జట్లు 2017 జులైలో తమలో తాము ఆటగాళ్లను మార్చుకున్నాయి. అప్పటికి కబ్స్ డిఫెండింగ్ చాంపియన్. కప్పు మళ్లీ కావాలి, అదీ వెంటనే కావాలి. అందుకని అనుభవమున్న పిచర్ హోసే కింటానాను వైట్‌సాక్స్ నుంచి తీసుకుంది. బదులుగా నలుగురు కుర్రాళ్లను ఇచ్చింది. వాళ్లలో ఎలోయ్ హిమేనెజ్, డిలన్ సీజ్ ముఖ్యులు. అప్పటికి వాళ్లిద్దరూ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు.

ఆ సీజన్‌లో కబ్స్ తమ డివిజన్ గెలిచింది. ‘డీల్ సూపర్’ అన్నారు. 2019 జూన్ 18న, కబ్స్ సొంత మైదానంలో, చివరి ఇన్నింగ్స్‌లో హిమేనెజ్ హోమ్ రన్ కొట్టి వైట్‌సాక్స్‌ను గెలిపించాడు. ‘డీల్ దండగ’ అన్నారు. 2022లో అమెరికన్ లీగ్ ఉత్తమ పిచర్ అవార్డు ఓటింగ్‌లో సీజ్ రెండో స్థానంలో నిలిచాడు. ‘కబ్స్ నిండా మునిగింది’ అన్నారు. 2024 వచ్చేసరికి సీజ్ వేరే జట్టుకు వెళ్లిపోయాడు, వైట్‌సాక్స్ ఏకంగా 121 మ్యాచ్‌లు ఓడింది. ఇప్పుడేమంటారు?

డీల్ ఒక్కటే. అడిగిన సంవత్సరాన్ని బట్టి జవాబు మారింది.

మనకు ఐపీఎల్‌లో ఒకే ఊరికి రెండు జట్లు లేవు. 2008లో మాత్రం హైదరాబాద్‌కు రెండు టీ20 జట్లు ఉండేవి. ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్, ఐసీఎల్‌లో హైదరాబాద్ హీరోస్. ఐసీఎల్‌ను బీసీసీఐ గుర్తించలేదు కాబట్టి రెండూ ఎదురుపడనే లేదు. హీరోస్‌కి ఆడిన అంబటి రాయుడు తర్వాత ఐపీఎల్‌కి వచ్చి ముంబయి, చెన్నై జట్లతో కప్పులు అందుకున్నాడు.

ట్రేడ్ అంటే వేలం కాదు

వేలంలో డబ్బు ఎక్కువ పెట్టినవాడికి ఆటగాడు దక్కుతాడు. ట్రేడ్‌లో రెండు ఫ్రాంచైజీలు మాట్లాడుకుంటాయి. ఆటగాడికి ఆటగాడిని ఇవ్వొచ్చు, లేదా నేరుగా డబ్బిచ్చి తీసుకోవచ్చు. ఆటగాడు ఒప్పుకోవాలి, బీసీసీఐ ఆమోదించాలి. వేలానికి వారం ముందు ఈ కిటికీ మూసుకుంటుంది.

2025 నవంబరు ట్రేడ్‌లో శాంసన్ 18 కోట్ల పాత ధరకే చెన్నైకి వెళ్లాడు. జడేజా ధర 18 కోట్ల నుంచి 14 కోట్లకు తగ్గింది. కరన్‌ది 2.4 కోట్లు. అదే రోజు మన సన్‌రైజర్స్ నుంచి మహ్మద్ షమీ 10 కోట్లకు లఖ్‌నవూ వెళ్లాడు. 2025 సీజన్‌లో 9 మ్యాచ్‌ల్లో అతను తీసిన వికెట్లు 6.

ఇందులో ఉద్యోగార్థులు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఇదే జడేజా 2010 సీజన్ మొత్తానికి దూరమయ్యాడు. ఒప్పందంలో ఉండగానే వేరే ఫ్రాంచైజీతో సొంతంగా బేరం ఆడాడన్నది అతని మీద వచ్చిన అభియోగం. జట్టు మారడం తప్పు కాదు, మారే పద్ధతి తప్పింది. రేపు మీరు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేటప్పుడు నోటీస్ పీరియడ్, బాండ్ లైన్లు కూడా చదివి పెట్టండి.

ధావన్, అభిషేక్ కేసు

ఇప్పుడు హైదరాబాదీలకు బాగా తెలిసిన ట్రేడ్‌కి వద్దాం. 2018 నవంబరులో సన్‌రైజర్స్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చింది. తన ధర విషయంలో ధావన్ అసంతృప్తిగా ఉన్నాడని ఫ్రాంచైజీయే ప్రకటించింది. బదులుగా విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మ వచ్చారు. ధావన్ ధర 5.2 కోట్లు. శంకర్, నదీమ్‌లది చెరో 3.2 కోట్లు, అభిషేక్‌ది 55 లక్షలు. మొత్తం 6.95 కోట్లు. తేడా 1.75 కోట్లు సన్‌రైజర్స్ చెల్లించింది.

ఏ చాయ్ బండి దగ్గర అడిగినా జవాబు ఒకటే: ‘‘ఢిల్లీ మోసపోయింది. 55 లక్షల కుర్రాడు 55 బంతుల్లో 141 కొట్టిండు.’’ నిజమే, 2025 ఏప్రిల్ 12న ఉప్పల్‌లో పంజాబ్ మీద అభిషేక్ ఆడిన ఆ ఇన్నింగ్స్ ఎవరు మర్చిపోతారు? 2024లో అతను చేసిన 484 పరుగుల స్ట్రయిక్ రేట్ 200 దాటింది. మరి కేసు క్లోజా? ఆగండి. మూడు ప్రశ్నలు వేసుకుందాం.

మొదటిది: ఎప్పటిదాకా లెక్క?

ఆ ట్రేడ్‌తో వచ్చిన ఆటగాళ్ల మీద హక్కు 2022 మెగా వేలం ముందు దాకానే. అంటే 2019, 2020, 2021 సీజన్లు. ఈ మూడింటిలో ధావన్ ఢిల్లీకి చేసిన పరుగులు 521, 618, 587. మొత్తం 1,726. అదే మూడేళ్లలో సన్‌రైజర్స్‌కి అభిషేక్ చేసినవి 200 కూడా లేవు. పైగా ఆ వేలానికి ముందు అతన్ని సన్‌రైజర్స్ వదిలేసింది. వేలంలో మళ్లీ 6.5 కోట్లు పెట్టి కొనుక్కుంది. 2024, 2025ల్లో పేలిన అభిషేక్ ఆ వేలం తర్వాతి అభిషేక్. 55 లక్షల ట్రేడ్ ఖాతాలో ఆ పరుగులు వేయొచ్చా?

‘వేయాలి, మనదగ్గర పెరిగాడు కాబట్టే మనం అంత పెట్టాం’ అని మీరు వాదించొచ్చు. మంచి వాదనే. కానీ ఆ మాట ముందే చెప్పి లెక్క మొదలుపెట్టాలి. జవాబు వచ్చాక గీత జరపకూడదు.

రెండోది: దేనితో పోలిస్తే?

ధావన్ 1,726 పరుగులు చేశాడు కాబట్టి సన్‌రైజర్స్ 1,726 పరుగులు పోగొట్టుకున్నట్టా? కాదు. 2019లో నిషేధం ముగించుకుని వార్నర్ తిరిగొచ్చాడు. 692 పరుగులతో ఆరెంజ్ క్యాప్ కొట్టాడు. అతనితో ఓపెనింగ్‌కి దిగిన బెయిర్‌స్టో 445 చేశాడు. ధావన్ కుర్చీ ఖాళీగా ఏం లేదు. బేస్‌బాల్‌లో ‘వార్’ అనే కొలత ఉంది. సులువుగా దొరికే మామూలు ఆటగాడి బదులు ఇతను ఉంటే జట్టుకు అదనంగా ఎన్ని గెలుపులు వస్తాయి అన్నదే ఆ కొలత. నష్టాన్ని లెక్కగట్టాల్సింది ఆ తేడాతోనే.

మూడోది: ఆ రోజు ఎవరికి ఏం తెలుసు?

2018లో అభిషేక్‌కు 18 ఏళ్లు, ఐపీఎల్‌లో ఆడింది మూడే మ్యాచ్‌లు. ఇలా పేలతాడని గట్టిగా చెప్పడానికి ఎవరి దగ్గరా ఆధారం లేదు. ఢిల్లీకి కావాల్సింది రెడీమేడ్ ఓపెనర్, దొరికాడు. 2019 మే 8న విశాఖలో జరిగిన ఎలిమినేటర్‌లో ఢిల్లీ సన్‌రైజర్స్‌నే ఓడించింది. 2020లో ఫైనల్ దాకా వెళ్లింది. నిర్ణయం మంచిదా, ఫలితం మంచిదా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మనం రోజూ రెండింటినీ కలిపేస్తుంటాం.

వాచ్‌మన్ రాసిన పుస్తకం

‘ఇదంతా మనకెందుకు, ఎక్స్‌పర్టులు చూసుకుంటారు’ అనుకోకండి. ఈ లెక్కల విద్యకు ఊపు తెచ్చిన బిల్ జేమ్స్ అమెరికాలోని కాన్సస్‌లో ఒక ఫుడ్ ఫ్యాక్టరీలో నైట్ వాచ్‌మన్. రాత్రి డ్యూటీలో స్కోరు కార్డులు ముందేసుకుని, అందరూ నమ్మే మాటల్ని ఒక్కోటిగా లెక్కేసి చూసేవాడు. 1977లో సొంత ఖర్చుతో తొలి పుస్తకం వేస్తే వందమంది కూడా కొనలేదు. అయినా ఏటా వేశాడు. పాతికేళ్ల తర్వాత బోస్టన్ రెడ్‌సాక్స్ జట్టు పిలిచి సలహాదారు ఉద్యోగం ఇచ్చింది. 2004లో ఆ జట్టు 86 ఏళ్ల తర్వాత కప్పు గెలిచింది. ‘మనీబాల్’ సినిమా చూసినవాళ్లకు ఆయన పేరు గుర్తుండే ఉంటుంది.

మన పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. వానపడ్డ మ్యాచ్‌లకు డక్‌వర్త్ లూయిస్ పద్ధతికి పోటీగా వీజేడీ పద్ధతి తయారుచేసిన వి.జయదేవన్ కేరళకు చెందిన సివిల్ ఇంజినీర్. మన దేశవాళీ మ్యాచ్‌ల్లో దాన్ని వాడారు.

మీ ప్రాజెక్టు ఇలా

బీటెక్ అయ్యాక నా మొదటి ఇంటర్వ్యూలో టైటానిక్ డేటా ప్రాజెక్టు చూపించాను. ఎదురుగా ఉన్నాయన నవ్వి, ‘‘పొద్దున్నుంచి ఇది నాలుగోది’’ అన్నారు. ఆ తర్వాతి ఇంటర్వ్యూకి ఐపీఎల్ ఓపెనర్ల మీద సొంతంగా చేసింది పట్టుకెళ్లాను. ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు. రెండు చోట్ల నీళ్లు నమిలాను కూడా. కానీ ఎక్కడ తడబడ్డానో నాకే తెలుసు, ఎందుకంటే ఆ లెక్క నాది. మీరూ ఇలా మొదలుపెట్టండి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. ‘ధావన్ ట్రేడ్ మంచిదా?’ అన్నది ప్రశ్న కాదు. ‘2019 నుంచి 2021 దాకా పవర్‌ప్లేలో రెండు జట్ల ఓపెనర్లు లీగ్ సగటు కంటే ఎన్ని పరుగులు ఎక్కువ చేశారు?’ అన్నది ప్రశ్న.

2. డేటా తెచ్చుకోండి. ఐపీఎల్ బంతి బంతి వివరాలు క్రిక్‌షీట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. పైసా కట్టక్కర్లేదు.

3. శుభ్రం చేయండి. అసలు కష్టం ఇక్కడే. ఢిల్లీ డేర్‌డెవిల్స్ తర్వాత ఢిల్లీ క్యాపిటల్స్ అయింది. కింగ్స్ ఎలెవన్ పంజాబ్ పంజాబ్ కింగ్స్ అయింది. బెంగళూరు స్పెల్లింగ్ 2024లో మారింది. ఇవి కలపకపోతే ఒకే జట్టు రెండుగా లెక్కలోకి వస్తుంది. సీజన్ కాలమ్‌లో 2020 కాస్తా 2020/21గా కనిపిస్తే కంగారుపడకండి, సరిచేయండి. ఏం సరిచేశారో ఒక పక్క రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేది ఇదే.

4. పోల్చేటప్పుడు కాలాన్ని చూడండి. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ రూల్ వచ్చింది. జట్లకు అదనపు బ్యాటర్ దొరికాడు. 2019లో 140 స్ట్రయిక్ రేట్, 2024లో 140 స్ట్రయిక్ రేట్ ఒకటి కావు. ఆ సీజన్ సగటుతోనే పోల్చాలి.

5. ఒక పేజీలో ముగించండి. ఒక చార్టు, మూడు వాక్యాల జవాబు, ‘నా లెక్కలో లేనివి’ అని ఇంకో రెండు వాక్యాలు. ఫీల్డింగ్, డ్రెస్సింగ్ రూమ్ అనుభవం మీ డేటాలో ఉండవు కదా. అది దాచకుండా రాస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

ల్యాప్‌టాప్ స్లోగా ఉంటే ఎక్సెల్ పివట్ టేబుల్‌తో మొదలుపెట్టండి. తర్వాత ఎస్‌క్యూఎల్‌లో జాయిన్, గ్రూప్ బై. ఆ తర్వాత పైథాన్‌లో పాండాస్. రోజుకో గంట కూర్చుంటే నెల రోజుల్లో ఒక ప్రశ్నకు జవాబు తేలుతుంది.

ఉద్యోగాలు ఉన్నాయా?

నిజం చెప్పాలి. జట్లలో అనలిస్టు పోస్టులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టీవీ ప్రసార సంస్థలు, స్పోర్ట్స్ డేటా కంపెనీలు, అకాడమీల్లో వీడియో అనలిస్టులు అన్నీ కలిపినా పోటీ ఎక్కువే. ఆట దగ్గరే ఉండాలనుకుంటే బీసీసీఐ, రాష్ట్ర సంఘాలు స్కోరర్లకు, అంపైర్లకు పెట్టే పరీక్షలు ఒక దారి. ఫ్యాంటసీ యాప్‌లను నమ్ముకున్న కొలువుల సంగతి మారిపోయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి నిషేధించింది. ‘మ్యాచ్ ప్రిడిక్షన్ ఉద్యోగం, ఇంటి నుంచే పని’ అని టెలిగ్రామ్‌లో మెసేజ్ వస్తే దూరంగా ఉండండి.

మరి ఈ కష్టం ఎందుకు? ఇదే పని బ్యాంకులో చేస్తే డేటా అనలిస్టు, ఈ కామర్స్‌లో చేస్తే బిజినెస్ అనలిస్టు అంటారు. ‘డిస్కౌంట్ ఇచ్చినందుకే అమ్మకాలు పెరిగాయా, పండగ కాబట్టి పెరిగాయా?’ అన్న ప్రశ్నకూ, ధావన్ ప్రశ్నకూ తేడా లేదు. సర్కారు కొలువే లక్ష్యమైతే, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో జూనియర్ స్టాటిస్టికల్ ఆఫీసర్ పోస్టులు ఉంటాయి, అర్హతలు చూసుకోండి. డేటా ఇంటర్‌ప్రిటేషన్ అయితే దాదాపు ప్రతి పోటీ పరీక్షలోనూ ఉంటుంది.

మీ సొంత ట్రేడ్

అశోక్‌నగర్ రీడింగ్ రూముల్లో రాత్రి పదకొండు దాటాక అందరి మనసులో తిరిగే ప్రశ్న ఇంకొకటి ఉంది. ‘మూడేళ్లు అయింది. ఇంకో నోటిఫికేషన్ దాకా ఆగాలా, ఏదైనా జాబ్‌లో చేరాలా?’ ఇదీ ట్రేడే. ఇవ్వాల్సింది మీ టైమ్.

ఆ మూడు ప్రశ్నలే ఇక్కడా వేసుకోండి. ఎప్పటిదాకా? తేదీ ముందే రాసుకోండి, రిజల్ట్ వచ్చాక జరపకండి. దేనితో పోలిస్తే? ఖాళీగా ఉండటంతో కాదు, మీకు నిజంగా దొరికే ఉద్యోగంతో పోల్చండి. ఇవాళ మీకేం తెలుసు? పోయినసారి ఎన్ని మార్కులతో పోయింది, ప్రతి అటెంప్ట్‌కీ పెరుగుతోందా, తగ్గుతోందా? గడిచిన మూడేళ్లు ఎటు వెళ్లినా తిరిగిరావు. వాటి కోసమే ఇంకో ఏడాది పెట్టకండి. మార్కులు పెరుగుతుంటే, ఎవరో నవ్వారని ఆపనూ వద్దు. ఎంపిక కాకపోయినా సరే, ఆ రోజు ఉన్న సమాచారంతో సరిగ్గా ఆలోచించి తీసుకున్న నిర్ణయం తప్పు నిర్ణయం కాదు.

ఇంతకీ మ్యాచ్ ఏమైంది?

లైబ్రరీ బ్యాచ్ 6 పరుగుల తేడాతో ఓడింది. పైగా వాళ్లిచ్చిన ఓపెనరే అవతలి జట్టుకు 31 కొట్టాడు. ‘‘ట్రేడ్ చేసినోణ్ని పట్టుకోండిరా!’’ అని ఒకటే గోల. ఆ గోలలో ఒకతను మాత్రం మెల్లగా నోట్‌బుక్ తీశాడు. డిగ్రీ అయి మూడేళ్లు, గ్రూప్స్‌కి చదువుతున్నాడు, ప్రతి ఆదివారం స్కోరు రాసేది అతనే.

‘‘పోయినవారం మన కీపర్ ఇచ్చిన బైలు 19. ఇయ్యాల 4. అంటే 15 పరుగులు మిగిలినయ్. ఓపెనర్ ప్లేస్‌ల దిగినోడు 12 కొట్టిండు.’’

‘‘అయితే ట్రేడ్ మంచిదంటవా, కాదంటవా?’’

‘‘ఒక్క మ్యాచ్‌తోని తేలదన్నా. ఇంకో నాలుగు ఆడాలె.’’

టిఫిన్లు వచ్చేలోపు ఆ నోట్‌బుక్ తీసుకుని చూశాను. పదకొండు ఆదివారాల స్కోర్లు, బంతి బంతికీ. ‘‘దీన్ని ఎక్సెల్‌లోకి ఎక్కించు తమ్మీ, రెజ్యూమెలో పెట్టుకోవచ్చు’’ అన్నాను. ‘‘గల్లీ మ్యాచ్‌లేంది, రెజ్యూమె ఏందన్నా’’ అని నవ్వాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో ఫైల్ వచ్చింది. బైలకు విడిగా ఒక కాలమ్ పెట్టాడు.